వంతెన దిగగానే చెయ్యెత్తి ఆపితే: తాగి నడుపుతున్నారన్న అనుమానంతో పోలీసులు ఎప్పుడు ఆపవచ్చు, ఎంతవరకు అడగవచ్చు

కాళేశ్వరం దగ్గర గోదావరి మీద 2016 చివర వంతెన మొదలైన నాటి నుంచి మహారాష్ట్రలోని సిరోంచ తాలూకా తెలుగువారికి తెలంగాణ ఒడ్డు పెరటి గడపలాగా మారింది. ఆస్పత్రికైనా, విత్తనాలకైనా, పెళ్లికైనా అటే పోతున్నాము. మందుకూ అటే పోతున్నాము. ఇవతల గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం ఉంటే అవతలి మండలాల్లో లైసెన్సు ఉన్న వైన్సు షాపులు ఉన్నాయి మరి. అందువల్ల పొద్దు గూకిన తరువాత వంతెన ఇవతలి కొసన పోలీసులు బండ్లను ఆపినప్పుడు, ఆగినవాడి మనసులో రెండు మూడు రకాల భయాలు కలగలిసిపోతాయి. ఆపడమే తప్పని కొందరు వాదనకు దిగుతారు. ఆపారంటే ఇక అన్నింటికీ తల ఊపవలసిందేనని మరికొందరు అడిగిన డబ్బు ఇచ్చి బయటపడతారు. ఈ రెండూ పొరపాట్లే. ఆపడం, ఊదించడం, అరెస్టు చేయడం, బండిని పట్టి ఉంచడం అనేవి చట్టంలో వేరువేరు మెట్లు. ఒక్కొక్క మెట్టుకు కావలసిన కారణం వేరు. తాను ఏ మెట్టు మీద నిలబడి ఉన్నాడో తెలిసినవాడికి ఏమి అడగాలో, ఎక్కడ ఊరుకోవాలో తెలుస్తుంది.

తాగి నడపడానికి సంబంధించిన నిబంధనలు 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో ఉన్నాయి. ఇది కేంద్ర చట్టం కాబట్టి వంతెనకు అటూ ఇటూ ఒకటే వర్తిస్తుంది. మద్యనిషేధ చట్టం మాత్రం మహారాష్ట్రది, నది ఇవతలకే పరిమితం. ఈ తేడా ముందుముందు చాలాసార్లు పనికి వస్తుంది.

మొదటి మెట్టు, బండిని ఆపడం. దీనికి మీరు తాగారన్న అనుమానం ఉండనవసరం లేదు. బహిరంగ స్థలంలో బండి నడుపుతున్నవారు యూనిఫాంలో ఉన్న ఏ పోలీసు అధికారి అడిగినా లైసెన్సు చూపాలని 130వ సెక్షన్ చెబుతుంది. రిజిస్ట్రేషను, బీమా కాగితాల సంగతీ ఇంతే. డిజిలాకర్‌లోనో, ఎంపరివాహన్ యాప్‌లోనో ఫోనులో చూపినా చెల్లుతుంది. పైగా మన దారిలో నాకాబందీకి కారణాలు అనేకం: నక్సలైట్ల కదలికలు, మద్యం రవాణా, టేకు దుంగలు, వరుసగా జరిగే ప్రమాదాలు. కాబట్టి "నేను తాగలేదు, నన్నెందుకు ఆపారు?" అన్న ప్రశ్నకు చట్టంలో బలం లేదు. చెయ్యెత్తినా ఆగకుండా పోవడం, అధికారి చట్టప్రకారం ఇచ్చిన ఆదేశాన్ని ధిక్కరించడం అవుతుంది. దానికి 179వ సెక్షన్ కింద 2,000 రూపాయల వరకు జరిమానా ఉంది. అంతకన్నా ముఖ్యమైన నష్టం ఇంకొకటి ఉంది. అప్పటిదాకా పోలీసుకు లేని అనుమానాన్ని, బ్యారికేడు చూసి బండి వెనక్కి తిప్పినవాడే స్వయంగా అతని చేతిలో పెట్టినట్టవుతుంది.

రెండవ మెట్టు, ఊదమనడం. దీనిని 203వ సెక్షన్ చెబుతుంది, ఆ సెక్షనులోని మాటలను ఒక్కొక్కటిగా చూడడం మంచిది. అడిగే వ్యక్తి యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి గాని, ఆ పనికి అధికారం పొందిన రవాణా శాఖ అధికారి గాని అయి ఉండాలి. అడగబడే వ్యక్తి బహిరంగ స్థలంలో మోటారు వాహనాన్ని నడుపుతున్నవాడో, నడపబోతున్నవాడో కావాలి. అన్నింటికన్నా ముఖ్యంగా, అతను 185వ సెక్షన్ కింద నేరం, అంటే తాగి నడపడం, చేశాడని అనుమానించడానికి ఆ అధికారికి తగిన కారణం ఉండాలి. అంటే సాదా దుస్తుల్లో వచ్చి ఊదించే అధికారం పోలీసుకు లేదు. వెనక సీటులో కూర్చున్న మామయ్య ఎంత తాగి ఉన్నా ఆయనను ఈ సెక్షన్ కింద ఊదమని అడగలేరు. సొంత కల్లంలో ట్రాక్టరును ముందుకూ వెనక్కూ నడుపుకొనేవాడి దగ్గరకు వచ్చి ఊదించడానికి కూడా ఈ సెక్షన్ అవకాశం ఇవ్వదు. అదే ట్రాక్టరు రోడ్డెక్కితే మాట మారుతుంది. (ఎడ్లబండి మోటారు వాహనం కాదు కాబట్టి ఇప్పసారా తాగి ఎడ్లబండి తోలేవాడికి 185 వర్తించదు, కానీ మద్యనిషేధ చట్టంలో బహిరంగ స్థలంలో తాగి ఒళ్లు తెలియకుండా ఉండడం వేరే నేరమని ఆ ఎడ్లబండి మిత్రులు గుర్తుంచుకోవాలి.)

తగిన కారణం అంటే ఏమిటి? చట్టం పట్టిక ఇవ్వలేదు. బండి రోడ్డుకు అటూ ఇటూ ఊగుతూ రావడం, చీకట్లో లైటు వేయకపోవడం, ఎదురు దారిలో రావడం, నోటి నుంచి వాసన రావడం, నాలుక తడబడడం, కాగితాలు తీయమంటే చేతులు పట్టు తప్పడం వంటివి ఎవరైనా ఒప్పుకొనే కారణాలు. అవతలి ఒడ్డు నుంచి వస్తున్నాడన్న ఒక్క సంగతి కారణం కాదని నా అభిప్రాయం; అలా అయితే సిరోంచ, అంకీస, ఆసరెల్లి ఊళ్లలో సగం మంది ప్రతి వారం అనుమానితులే. ఆచరణలో తనిఖీ పెట్టిన రాత్రి వచ్చిన ప్రతి బండినీ ఆపి, వరుసగా ఊదిస్తారు. చట్టం అడిగేది ఆ వ్యక్తి మీద అనుమానం గాని ఆ రోడ్డు మీద అనుమానం కాదు కదా అని ఎవరైనా వాదించవచ్చు, ఆ వాదనలో పస ఉంది. కానీ దానికి చోటు కోర్టు. రోడ్డు మీద ఊదను పొమ్మన్నవాడి మీద అధికారికి మద్యం అనుమానం ఉంటే అదే సెక్షన్ కింద వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. కారణం చూపకుండా నిరాకరించిన సంగతి 205వ సెక్షన్ ప్రకారం విచారణలో నిందితుడికి ప్రతికూలంగా వాడుకోవచ్చు. అందుచేత తాగనివాడికి ఊదడమే తేలిక. తాగినవాడికి కూడా నిరాకరించడం వల్ల కలిసివచ్చేది ఏమీ లేదు.

ఊదేటప్పుడు అడగవలసినవి కొన్ని ఉన్నాయి, వాటిని మర్యాదగా అడిగితే ఎవరూ కాదనరు. గొట్టం కొత్తది పెట్టమనండి. మీరు ఊదకముందు యంత్రం సున్నా చూపుతున్నదో లేదో చూడండి. ఊదిన తరువాత వచ్చిన అంకెను మీ కళ్లతో చదివి, టైము గుర్తు పెట్టుకొని, ముద్రిత చీటీ వస్తే దాని ఫోటో తీసుకోండి. చట్టంలో "ఒకటి లేదా అంతకన్నా ఎక్కువ" శ్వాస నమూనాలు అన్న మాట ఉంది కాబట్టి, మొదటి అంకె మీద నమ్మకం లేకపోతే రెండవసారి ఊదే అవకాశం ఇవ్వమని కోరండి.

ఈ రెండవసారి ఎందుకంత ముఖ్యమో మా ఇంట్లోనే చూశాము. మహదేవపూర్‌లో పెళ్లి భోజనం ముగించుకొని మా బావమరిది, నేను ఒకే బండి మీద తిరిగి వస్తున్నాము. వాడు మధ్యాహ్నం ఒక లోటా కల్లు తాగాడు, అంతే. వంతెన కొసన టార్చిలైటు కనిపించగానే జేబులోంచి నోటి వాసన పోగొట్టే స్ప్రే తీసి నాలుగైదుసార్లు కొట్టుకున్నాడు. కానిస్టేబులు దగ్గరకు వచ్చి "దారూ ప్యాయ్‌లాస్ కా, భావూ?" (మందు తాగావా, అన్నా?) అని అడిగితే మనవాడు తల అడ్డంగా ఊపాడు. ఊదిస్తే 58 వచ్చింది. వాడి ముఖం పాలిపోయింది. ఆ స్ప్రేలో ఉన్నదే ఆల్కహాలు, అది నోట్లో ఉండగా ఊదితే ఊపిరితిత్తుల గాలి కాకుండా నోటి తడే యంత్రానికి అందుతుంది. సంగతి చెప్పి, నీళ్లతో పుక్కిలించి, పావుగంట ఆగి మళ్లీ ఊదే అవకాశం ఇవ్వమని సబ్‌ఇన్‌స్పెక్టరును అడిగాను. ఆయన విసుగ్గానే ఒప్పుకున్నాడు. రెండవసారి 21 వచ్చింది, పంపించాడు. దారి పొడవునా "బావా, అక్కకు చెప్పకు" అన్న మాట తప్ప వాడు వేరే మాట్లాడలేదు.

హద్దు 30 దగ్గర ఉంది. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉంటే 185వ సెక్షన్ కింద నేరం. మనిషి ఒంట్లో అయిదు లీటర్ల రక్తం ఉందనుకుంటే, ఆ మొత్తంలో కలిపి ఒకటిన్నర గ్రాము, అంటే అర చెంచా కూడా నిండదు. అరవై కిలోల మనిషి ఖాళీ కడుపుతో ఒక పెద్ద పెగ్గు, అంటే 60 మిల్లీలీటర్లు తాగినా చాలు, ఆ హద్దు దాటే అవకాశం ఉంది. పెద్ద బీరు సీసా ఒంటరిగా ముగిస్తే దాటడం దాదాపు ఖాయం. ఒళ్లు ఆ మద్యాన్ని వంద మిల్లీలీటర్ల రక్తానికి గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున దించుకుంటుంది. నిమ్మరసం, మజ్జిగ, చన్నీళ్ల స్నానం ఈ వేగాన్ని పెంచవు. రాత్రి పదకొండింటికి క్వార్టర్ సీసా ముగించినవాడి రక్తంలో 150 ఉందనుకుంటే, అది 30కి దిగడానికి ఎనిమిది గంటలు పడుతుంది. పెళ్లివారింట్లో పడుకొని తెల్లవారుజామున అయిదింటికి బండి తీసినవాడు మత్తు దిగిందనుకుంటాడు గాని యంత్రం అలా అనుకోదు. గంజాయి వంటి మత్తు పదార్థాలకు ఇలా అంకె హద్దు లేదు. బండిని అదుపులో పెట్టుకోలేని స్థితిలో ఉన్నాడా లేదా అన్నదే అక్కడ ప్రశ్న, దానిని ఈ ఊదే యంత్రం చెప్పలేదు.

మూడవ మెట్టు, అరెస్టు. యంత్రం ఆల్కహాలు ఉన్నట్టు చూపితే, లేదా అనుమానానికి కారణం ఉండి మీరు ఊదకపోతే, యూనిఫాంలో ఉన్న అధికారి వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. ప్రమాదం జరిగి నడిపినవాడు ఆస్పత్రిలో చేరి ఉంటే మాత్రం ఈ సెక్షన్ కింద అక్కడ అరెస్టు చేయకూడదు. ఊదించాలన్నా చికిత్స చేస్తున్న డాక్టరుకు ముందు చెప్పాలి, రోగికి చెరుపు చేస్తుందని డాక్టరు అభ్యంతరం చెబితే ఆగాలి. స్టేషనుకు తీసుకుపోయిన తరువాత అక్కడ మరొకసారి ఊదే అవకాశం ఇవ్వాలి. రక్త నమూనా కావాలంటే రిజిస్టరు అయిన డాక్టరే తీయాలి. నమూనా ఇచ్చేది స్త్రీ, తీసేది మగ డాక్టరు అయితే మరొక స్త్రీ దగ్గర ఉండాలి. సూర్యాస్తమయం తరువాత, సూర్యోదయానికి ముందు స్త్రీని అరెస్టు చేయడానికి అసాధారణ పరిస్థితి, మహిళా పోలీసు అధికారి, మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి కావాలన్న నియమం కూడా ఉంది.

మన ప్రాంతంలో అన్నింటికన్నా ఎక్కువగా పట్టించుకోవలసిన నియమం 202వ సెక్షనులో ఉంది. 185 నేరానికి అరెస్టు చేసిన వ్యక్తికి రెండు గంటల లోపల వైద్య పరీక్ష జరిపించాలి, జరగకపోతే అతనిని కస్టడీ నుంచి వదిలిపెట్టాలి. నగరంలో రెండు గంటలు పెద్ద లెక్క కాదు. అడవి దారిలో, వానకాలంలో, రాత్రి డ్యూటీ డాక్టరు ఉన్న ఆస్పత్రికి చేరుకోవడానికి ఆ రెండు గంటలు చాలా తక్కువ. అందుకే అరెస్టు టైమును మెమోలో సరిగ్గా రాయించడం, దాని మీద సంతకం చేసేముందు ఆ అంకెను చూసుకోవడం అన్నింటికన్నా ముఖ్యం. డాక్టరు పరీక్ష మొదలుపెట్టిన టైము కూడా కాగితం మీద ఉండాలి. వాసన వచ్చింది, తూలుతున్నాడు అన్న పరిశీలనల మీదనే మనిషి తాగాడని తేల్చలేమని సుప్రీంకోర్టు 1971లోనే మహారాష్ట్రకు చెందిన ఒక డ్రైవరు కేసులో చెప్పింది. కాబట్టి ఆ రాత్రి తయారయ్యే పరీక్ష కాగితాలే కేసుకు వెన్నెముక.

భాష సంగతి విడిగా చెప్పాలి. ఇవతల పంచనామా మరాఠీలో రాస్తారు. మన ఊళ్లలో మరాఠీ బడిలో చదివినవారికి ఇబ్బంది లేదు, ఇంట్లోనూ సంతలోనూ తెలుగుతోనే గడిపిన పెద్దవారికి, తెలంగాణ నుంచి వచ్చిన చుట్టాలకు అది అర్థం కాదు. అరెస్టు కారణాలను లిఖితపూర్వకంగా, అరెస్టయిన వ్యక్తికి తెలిసిన భాషలో ఇవ్వాలని సుప్రీంకోర్టు 2025 నవంబరులో తీర్పు చెప్పింది. ఆ కేసు కూడా మహారాష్ట్ర నుంచి వచ్చినదే, కారుతో గుద్దిన కేసే. కాబట్టి "మలా మరాఠీ వాచతా యేత్ నాహీ (నాకు మరాఠీ చదవడం రాదు), తెలుగులో చెప్పించండి" అని అడగడం పొగరు కాదు. చదవనిదాని మీద సంతకం పెట్టకండి. తప్పనిసరైతే సంతకం పక్కన "చదివి వినిపించలేదు" అని తెలుగులోనే రాయండి. ఇంటివారికో, స్నేహితుడికో మీరు ఎక్కడ ఉన్నారో పోలీసులే తెలియజేయాలి. ఈ నేరం బెయిలు ఇవ్వదగినది, బెయిలు పొందడం హక్కు. పూచీకత్తు రాసిస్తే స్టేషనులోనే వదలవచ్చు.

ఇక డబ్బు. మొదటిసారి నేరానికి ఆరు నెలల వరకు జైలు గాని, 10,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని. మళ్లీ పట్టుబడితే రెండేళ్ల వరకు జైలు గాని, 15,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని. ఈ అంకెలు 2019 సవరణతో వచ్చాయి. హెల్మెట్టు లేకపోతే కట్టినట్టుగా దీనిని రోడ్డు మీద చలానా కట్టి వదిలించుకునే వీలు లేదు, ఎందుకంటే రాజీ చేసుకోదగిన నేరాల జాబితా ఉన్న 200వ సెక్షనులో 185 లేదు. జరిమానా వేసేది మేజిస్ట్రేటు మాత్రమే. ఒకసారి మా ఊరి కుర్రవాడొకడు, ఏ ఒడ్డునో చెప్పను, రోడ్డు పక్కన నాలుగు వేలు చేతిలో పెట్టి "సగానికి సగం తగ్గించుకున్నాను" అని సంబరంగా వచ్చాడు. అతని దగ్గర చీటీ లేదు, కేసు నంబరు లేదు. అతను కట్టింది జరిమానా కాదు, దానికి వేరే పేరు ఉంది. అక్కడే కట్టమని ఎవరైనా అంటే కోర్టు చలానా ఇవ్వమని అడగడం సరిపోతుంది. మాట పెరిగితే 112కు ఫోను చేసి, చోటు, టైము చెప్పి ఉంచండి.

లైసెన్సును పోలీసులు తీసుకుని రద్దు లేదా అనర్హత కోసం లైసెన్సు అధికారికి పంపవచ్చు. తీసుకున్నప్పుడు తాత్కాలిక రసీదు ఇవ్వాలి, దానిని అడిగి తీసుకోండి. కోర్టులో నేరం రుజువైతే కనీసం ఆరు నెలలు లైసెన్సుకు అనర్హత తప్పదు. బండి మీదనే బతికే ఆటో డ్రైవరుకు, ట్రాక్టరు డ్రైవరుకు పదివేల జరిమానా కన్నా ఈ ఆరు నెలలే ఎక్కువ బరువు. తాగినవాడని తెలిసీ తాళం చేతిలో పెట్టిన యజమాని కూడా ప్రోత్సహించిన నేరం కింద 188వ సెక్షనులో చిక్కవచ్చు.

నాలుగవ మెట్టు, బండి. కాగితాలు లేని, పర్మిటు లేని వాహనాన్ని పట్టి ఉంచే అధికారం 207వ సెక్షనులో ఉంది గాని, అందులో తాగి నడపడం లేదు. 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు ఈ విషయాన్నే తేల్చింది: తాగి నడిపిన కారణంగా బండిని సీజు చేయకూడదు, పక్కన లైసెన్సు ఉండి తాగని మనిషి ఉంటే అతనికి అప్పగించాలి, లేకపోతే బంధువునో స్నేహితుడినో పిలిపించాలి, ఎవరూ రాకపోతే తాత్కాలికంగా స్టేషనులో ఉంచి, కాగితాలు చూపినప్పుడు ఇచ్చివేయాలి. అవతలి ఒడ్డున ఆపితే ఈ తీర్పు నేరుగా పనికి వస్తుంది. ఇవతల అది కట్టుబాటు కాదు, కానీ అరెస్టు అయిన డ్రైవరు బండికి తాత్కాలిక ఏర్పాటు చేయాలన్న 202వ సెక్షన్ మాట ఇక్కడా ఉంది. దానిని చూపి, తాగని మనిషిని పిలిపించుకోండి.

ఇవతల ఈ లెక్కంతా ఒక్క సీసాతో తారుమారు అవుతుంది. డిక్కీలో ఒక క్వార్టర్ ఉన్నా అది తాగి నడపడం కాదు, మహారాష్ట్ర మద్యనిషేధ చట్టం కింద అనుమతి లేకుండా మద్యం తేవడం, దగ్గర ఉంచుకోవడం. ఆ చట్టం ప్రకారం మద్యం మోసిన వాహనాన్ని స్వాధీనం చేసుకోవచ్చు. అవతల కొన్న బిల్లు చూపినా ఇవతల అది అనుమతి కాదు. రాజ్య ఉత్పాదన శుల్క శాఖ, అంటే ఎక్సైజు శాఖవారు వచ్చేది కూడా ఈ చట్టం కిందనే. డిక్కీ తెరవమన్నప్పుడు మోటారు వాహనాల చట్టంలో సెక్షన్లు ఏకరువు పెట్టి లాభం లేదు. ఆ చట్టంలో రక్తపరీక్షకు వేరే సెక్షను ఉంది, అంకె కూడా వేరే: రక్తంలో 0.05 శాతం, అంటే 50 మిల్లీగ్రాములు ఉన్నట్టు తేలితే, తాగింది ఔషధం వంటిదని చూపించుకోవలసిన భారం నిందితుడి మీద పడుతుంది. అందుకని మీ మీద రాస్తున్న కాగితంలో ఏ చట్టం, ఏ సెక్షను అని ఉందో మొదట చూసుకోండి. 185 అని ఉంటే పైన చెప్పినదంతా వర్తిస్తుంది. 65, 66, 85 అని ఉంటే అది నిషేధ చట్టం, వకీలుకు ఆ రాత్రే ఫోను చేయవలసిన సంగతి.

వదిలిపెట్టేటప్పుడు ఇచ్చే కాగితం మీద కోర్టు తారీకు మరాఠీ అంకెల్లో ఉండవచ్చు. తెలుగు కంటికి ఆ १, ९ ఒకదానిలా ఒకటి కనిపిస్తాయి, తారీకు తప్పితే వారంటు వస్తుంది. స్టేషను గడప దాటకముందే దానిని గట్టిగా చదివించుకొని, ఫోనులో తెలుగులో రాసుకోండి.